మెజర్‌లో 70, త్రాసులో 66, 71, 74... ఏది నమ్మాలి?

కొత్తగురి
రెండేళ్ళుగా 50 క్యాలిబర్ (లోపలి వెడల్పు అర అంగుళం) క్యాప్‌లాక్ కాలుస్తున్నాను, అంటే మూతి నుంచి మందూ గుండూ దట్టించి, చిన్న క్యాప్ పేల్చి కాల్చే మజిల్‌లోడర్ రైఫిల్. 28 అంగుళాల బ్యారెల్, 490 గుండు (0.490 అంగుళాలది), నూనె రాసిన గుడ్డ ప్యాచ్, టూఎఫ్ బ్లాక్ పౌడర్. మందు కొలిచేది జరిపే ఇత్తడి మెజర్‌తో (కింది కడ్డీ జరిపితే లోపలి చోటు మారే గొట్టం), 70 గీత దగ్గర పెట్టి. ఇన్నాళ్ళూ ఏ గొడవా లేదు.

పోయిన వారం ఒక డిజిటల్ త్రాసు చేతికొచ్చింది. ఊరికే ఉండలేక మెజర్‌తో పోసిన మందు దాని మీద పెట్టి చూశాను. మొదటిది 66 గ్రా. రెండోది 71. తర్వాత 69, 74, 67. గీత అదే, డబ్బా అదే, చెయ్యీ నాదే. ఆ దెబ్బతో నమ్మకం పోయింది. నిన్న రేంజ్‌లో 50 గజాల దగ్గర ఐదు గుళ్ళు అరచేయంత వెడల్పున పడ్డాయి. మెజర్ పనికిరానిదా? త్రాసు అబద్ధం చెబుతోందా? ఇకనుంచి ప్రతి షాట్‌కీ తూచుకోవాలా?

పొగమబ్బు
"మందు కొలత" అని చూసి సాయంత్రం చర్చేమో అనుకుని పరిగెత్తుకొచ్చాను. మోసం.

సీసపుగుండు
రెండూ నిజమే చెబుతున్నాయి, వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. మెజర్ మీద ఉన్న 70 తూకం కాదు. "సుమారు 70 గ్రెయిన్ల బ్లాక్ పౌడర్ పట్టే చోటు" అని దాని అర్థం. శేరు గిన్నెతో బియ్యం కొలిచినట్టే. సన్నబియ్యం పోస్తే ఒక బరువు, లావుబియ్యం పోస్తే ఇంకో బరువు. గిన్నె మారలేదుగా.

టూఎఫ్ గింజ కాస్త లావు, త్రీఎఫ్ సన్నం. సన్నగింజ దగ్గరగా సర్దుకుంటుంది కాబట్టి అదే గీతకు సాధారణంగా కాస్త ఎక్కువ తూగుతుంది. కంపెనీ మారినా తేడా వస్తుంది. స్విస్ మందు గట్టిగా ఒత్తి చేసింది, అదే గీత దగ్గర ఎక్కువ బరువు వస్తుంది, పైగా వేగం కూడా ఎక్కువ.

కొలతలరాయుడు
సీసపుగుండు గారి బియ్యం ఉపమానం బావుంది, కానీ 66 నుంచి 74 అంటే 8 గ్రెయిన్ల తేడా. ఒకే డబ్బా, ఒకే గింజ. దీన్ని "చోటు" అని సర్దిచెప్పుకుంటే ఎలా? నేనైతే ఆరేళ్ళ నుంచి ప్రతి చార్జీ (ఒక్క షాట్‌కి పోసే మందు) ఇంట్లోనే తూచి, మూత ఉన్న చిన్న గొట్టాల్లో పోసుకుని రేంజ్‌కి తీసుకెళ్తాను. అక్కడ మెజర్ ముట్టుకోను. పని తేలిక, మనసు ప్రశాంతం.

చెకుముకి_రంగడు
ఆరేళ్ళు తూచి ఎన్ని మెడల్స్ వచ్చాయి అన్నా?

కొలతలరాయుడు
రంగడూ, ఆ ప్రశ్న వేరే థ్రెడ్‌లో అడుగు. తీరిక లేదు.

మోడరేటర్_ఇత్తడి
ఒక్క మనవి. "66 గ్రా." అని రాయకండి. తెలుగులో గ్రా. అంటే చదివేవాడికి గ్రాము. 70 గ్రాములంటే 1,080 గ్రెయిన్లు. కొత్తవాడెవడైనా అలాగే తీసుకుంటే మనం మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. గ్రాముకి 15.43 గ్రెయిన్లు, పౌనుకి 7,000. ఇక్కడ "గ్రెయిన్లు" అని పూర్తిగా రాయండి, బద్ధకించొద్దు. త్రాసు కొన్నవాళ్ళు ముందు అది ఏ యూనిట్‌లో ఉందో చూసుకోండి, ఒక్క బటన్‌తో మారిపోతుంది.

పొగమబ్బు
గ్రెయిన్ అంటే గింజేగా. గురి కుదిర్చే గింజ కాబట్టి గురిగింజ అందాం. అది కూడా సగం నలుపే.

పాతఇనుము
కొత్తగురి బాబూ, నువ్వు మెజర్‌లో మందు ఎలా పోస్తున్నావో రాయలేదు. అసలు సంగతి అక్కడుంది.

నేను చేసేది చెబుతాను. మెజర్ నిలువుగా పట్టుకుంటాను. మందు ఉంచుకునే ఫ్లాస్కు మూతి మెజర్ అంచుకి వేలెడు ఎత్తున ఉంచి, సన్నటి ధారగా, నింపాదిగా పోస్తాను, పైన చిన్న కుప్ప నిలిచేదాకా. అప్పుడు అదే ఫ్లాస్కు అడుగుతో మెజర్ పక్కన పదిసార్లు తడతాను. తొమ్మిది కాదు, పదకొండు కాదు. ఒక్కో తట్టుకీ కుప్ప కిందికి దిగుతుంది, కళ్ళకు కనిపిస్తుంది. అంచు దాకా కుంగిందంటే ఇంకొంచెం పోసి, మెజర్ మీదున్న తిరిగే గరాటు అడ్డంగా తిప్పి మిగిలింది గీసేస్తాను. ఒలికింది గిన్నెలోకి.

ఒకసారి ఒడిదుడుకుగా పోసి, ఒకసారి తట్టి, ఒకసారి తట్టకుండా, ఒకసారి కుప్పతోనే బ్యారెల్లోకి వంపేస్తే ఆ తేడా రాక ఏమవుతుంది? తట్టడం మంచిదా చెడ్డదా అని కొట్టుకుంటారు జనం. నా మట్టుకు రెండూ ఒకటే. తట్టేవాడు ప్రతిసారీ తట్టాలి, తట్టనివాడు ఎప్పుడూ తట్టకూడదు. అంతే.

కొత్తగురి
పెద్దాయనా, నిజం చెప్పాలంటే నాకు పద్ధతంటూ లేదు. డబ్బా నుంచి నేరుగా మెజర్‌లోకి, నిండిందనిపిస్తే ఆపేస్తాను. ఒక్కోసారి బల్ల మీద ఠకఠక కొడతాను.

సరే, ఇంకో సందేహం. అసలు నా రైఫిల్‌కి 70 సరైనదేనా? ఎవరో చెప్తే మొదలుపెట్టాను, అక్కడే ఉండిపోయాను.

సీసపుగుండు
పాత లెక్క ఒకటుంది. క్యాలిబర్ ఎంతో అన్ని గ్రెయిన్లతో మొదలుపెట్టమని. 50 క్యాలిబర్‌కి 50. అక్కడి నుంచి ఐదైదు చొప్పున పెంచుకుంటూ, ఒక్కో మెట్టు దగ్గర ఐదేసి గుళ్ళు కాల్చి, గుళ్ళు ఎక్కడ దగ్గరికి చేరితే అక్కడ ఆగడం. పై హద్దు మాత్రం నీ రైఫిల్ తయారీదారు మాన్యువల్‌లో రాసింది. అది దాటే హక్కు ఎవరికీ లేదు.

ఇంకోటి డేవెన్‌పోర్ట్ సూత్రం. బ్యారెల్ లోపలి ఘన అంగుళానికి 11.5 గ్రెయిన్లు. నీ 50 క్యాలిబర్, 28 అంగుళాల బ్యారెల్ లోపల సుమారు 5.5 ఘన అంగుళాలు. అంటే దాదాపు 63 గ్రెయిన్లు. అది దాటితే వేగం పెరగదని కాదు, పోసిన మందుకి తగ్గ వేగం రాదని. పొగ, మసి, భుజానికి దెబ్బ మాత్రం పూర్తిగా వస్తాయి. 36 అంగుళాల బ్యారెల్ అయితే అదే లెక్కకి 81.

కాబట్టి 70 తప్పేం కాదు. నువ్వు 55, 60, 65 కాల్చి చూడలేదన్నదే తప్పు.

ఉరుము_మెరుపు
త్రాసు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నా సిగ్గుమాలిన కథ చెప్పేస్తాను. ఎవరికైనా పనికొస్తుంది.

నాది ఇన్‌లైన్ రైఫిల్, అంటే కొత్తరకం మజిల్‌లోడర్, క్యాప్ బదులు 209 ప్రైమర్‌తో పేలేది. మొదట్లో బ్లాక్ పౌడరే వాడేవాణ్ణి, 100 గీత దగ్గర పెట్టి. అప్పటికే నాకు కొలతలరాయుడు గారి జబ్బు ఉండేది, అన్నీ తూచేవాణ్ణి, బ్లాక్ పౌడర్ 100 గ్రెయిన్లు తూచి పోసినా 100 గీతకి అటూ ఇటూగా సరిపోయేది. తర్వాత బ్లాక్ పౌడర్‌కి బదులు వాడే బ్లాక్‌హార్న్ 209 అనే మందు డబ్బా తెచ్చుకున్నాను. అలవాటు ప్రకారం 100 గ్రెయిన్లు తూచాను. చిన్న గొట్టంలో పోస్తే పట్టలేదు, అంచు దాటి ఒలికింది. అప్పుడైనా బుర్ర పనిచేయాలిగా! "గొట్టం చిన్నదైనట్టుంది" అనుకుని పెద్ద గొట్టం తీసుకున్నాను.

ఆ మందు తేలిక. మెజర్‌లో 100 గీతకి తూకంలో 70 గ్రెయిన్లే తూగుతుంది. అంటే నేను 100 తూచి పోసింది 143 గీతతో సమానం. దానికి గరిష్ఠం 120 గీత, తూకంలో 84. కాల్చాను. టోపీ ఎక్కడ పడిందో వెతుక్కోవాల్సొచ్చింది. కనుబొమ మీద స్కోప్ చేసిన సంతకం ఇప్పటికీ ఉంది. రైఫిల్ బతికింది, నేను బతికాను, అంతా అదృష్టం. తప్పు మందుది కాదు, త్రాసుదీ కాదు, డబ్బా మీద అక్షరాలు చదవని నాది.

అందుకే చెబుతున్నా. తూచడం తప్పు కాదు. ఏ మందుకి ఏ తూకమో తెలియకుండా తూచడం తప్పు.

చెకుముకి_రంగడు
"స్కోప్ చేసిన సంతకం" 😂 అన్నా, ఆటోగ్రాఫ్ ఫొటో పెట్టు.

సీసపుగుండు
ఉరుము_మెరుపు గారు చెప్పింది బంగారం. దానికి తోడు బ్లాక్ పౌడర్‌కి బదులు వాడే మందులు ఇంకో రెండు. పైరోడెక్స్ 1970ల్లో వచ్చినప్పుడే బ్లాక్ పౌడర్ మెజర్‌తోనే కొలుచుకునేలా తయారుచేశారు. 70 గీత అంటే 70 గీతే, కానీ తూస్తే అంతకన్నా బాగా తక్కువ వస్తుంది. ట్రిపుల్ సెవెన్ అయితే గీత ప్రకారమే కొలిచినా బలం ఎక్కువ, అందుకని బ్లాక్ పౌడర్‌కి సమానం కావాలంటే 15 శాతం తగ్గించమంటారు. 100 పోసేవాడు 85 పోయాలి.

స్మోక్‌లెస్ మందు (ఇప్పటి తూటాల్లో ఉండేది) సంగతి చెప్పక్కర్లేదనుకుంటా. దానికోసమే కట్టిన రైఫిల్ తప్ప మరే మజిల్‌లోడర్లోనూ చెంచాడు కూడా పడకూడదు. గీత ప్రకారమూ వద్దు, తూకం ప్రకారమూ వద్దు.

కొలతలరాయుడు
నా జబ్బు అంటున్నారు కాబట్టి నా నోటుపుస్తకం తీశాను. పోయిన చలికాలం గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి చేసిన పని. 45 క్యాలిబర్, త్రీఎఫ్, 60.

పది షాట్లు తూచినవి: అన్నిటికన్నా నెమ్మదైనదానికీ వేగమైనదానికీ తేడా సెకనుకి 29 అడుగులు.
పది షాట్లు మెజర్‌తో, పాతఇనుము గారి పద్ధతిలో తట్టి: 38 అడుగులు.
పది షాట్లు తూచినవే, కానీ మధ్యలో బ్యారెల్ తుడవకుండా: 88 అడుగులు.

నాకు నచ్చకపోయినా పుస్తకంలో ఉన్నది అదే. 29కీ 38కీ తేడా 50 గజాల దగ్గర కాగితం మీద కనపడలేదు. మూడోది మాత్రం కనపడింది, ఏడో గుండు దింపడానికే చెమటలు పట్టాయి. తూచడం మానను, కానీ "మెజర్ పనికిరాదు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పొగమబ్బు
కొలతలరాయుడు వెనక్కి తగ్గాడు! ఈ థ్రెడ్‌ని పైన పిన్ చెయ్యండి.

పాతఇనుము
రాయుడి మూడో లైను చూడు కొత్తగురి. బ్లాక్ పౌడర్ కాలితే సగానికి పైగా గట్టి పదార్థంగానే మిగులుతుంది, పొగగానో మసిగానో. 1875లో నోబుల్, ఏబెల్ అనే ఇద్దరు మూసిన పాత్రలో పేల్చి తూచి మరీ చూశారు. ఆ మసి చెమ్మ పీల్చుకుంటుంది. గాలి పొడిగా ఉంటే పెచ్చు కడుతుంది, తేమగా ఉంటే జిగురవుతుంది. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఒక తడి గుడ్డ, ఒక పొడి గుడ్డ. తడి అంటే నోట్లో పెట్టి తీసినంత తడి. కారేంత కాదు, లేకపోతే తర్వాతి చార్జీ అడుగున నానుతుంది.

మసి ఉన్న బ్యారెల్లో గుండు పూర్తిగా కిందికి దిగదు. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ మిగిలితే అది కొలత సమస్య కాదు, బ్యారెల్ ఉబ్బే సమస్య. ర్యామ్‌రాడ్ (గుండు దట్టించే పొడవాటి కడ్డీ) మీద ఒక గాటు పెట్టుకో. ఆ చార్జీకి గుండు మందు మీద కూర్చున్నప్పుడు గాటు మూతితో సమానంగా ఉండాలి. పైకి కనిపిస్తే ఇంకా దట్టించు.

ఉరుము_మెరుపు
గాటుతో ఇంకో లాభం. రెండుసార్లు మందు పోసినా గాటు వెంటనే పట్టిస్తుంది. కబుర్లు చెప్పుకుంటూ దట్టించేవాళ్ళకి దేవుడిచ్చిన వరం.

చెకుముకి_రంగడు
నాది చెకుముకి తుపాకి, నాకు ఇంకో బాధ. లోపలి చార్జీ మెజర్‌తో సరే. బయట పళ్ళెంలో వేసి నిప్పంటించే రంజకం సంగతేంటి? పళ్ళెంలో ఫోర్‌ఎఫ్ ఎంత వేయాలో కొలిచేవాళ్ళున్నారా? నేను చేతివాటంగా వేస్తుంటాను, ఒక్కోసారి "ఫుస్సు" మని పళ్ళెంలో వెలిగి ఆగిపోతుంది.

పాతఇనుము
రంజకం నింపితే లాభం లేదు రంగా. పళ్ళెంలో సగానికి కాస్త తక్కువ. పళ్ళెం నుంచి బ్యారెల్లోకి వెళ్ళే చెవి బెజ్జాన్ని మందు మూసేస్తే అది ఒత్తిలా కాలుకుంటూ పోతుంది, ఆలస్యం. బెజ్జం తెరిచి ఉంటే మెరుపు సూటిగా లోపలికి దూకుతుంది. నొక్కితే మూడు గ్రెయిన్లు పడే చిన్న ఇత్తడి ప్రైమర్ దొరుకుతుంది, అది వాడు. ఫోర్‌ఎఫ్‌ని రంజకానికి తప్ప బ్యారెల్లో చార్జీగా మాత్రం పోయకు.

దూరపుచూపు
థ్రెడ్ ఇప్పుడే చూశాను. నల్లమందు కొలిచేటప్పుడు అరచేతి పద్ధతి ఎవరూ చెప్పలేదే? గుండు అరచేతిలో పెట్టి, అది కనపడకుండా మునిగేదాకా మందు పోయాలి. అదే సరైన చార్జీ. పాతకాలం వాళ్ళు అలాగే చేసేవాళ్ళు.

పొగమబ్బు
నల్లమందు అరచేతిలో పోసుకునేవాళ్ళ థ్రెడ్ ఇది కాదు సార్. పోలీసులు చూస్తారు. బ్లాక్ పౌడర్ అనండి.

కొలతలరాయుడు
దూరపుచూపు గారూ, అది చేసి చూశాను, పదిసార్లు. 50 క్యాలిబర్ గుండు. అన్నిటికన్నా తక్కువ 58 గ్రెయిన్లు, ఎక్కువ 91. అరచెయ్యి గుంట చేస్తే ఒకటి, చాపితే ఒకటి. మా తమ్ముడి చేతిలో ఇంకోటి, వాడి చెయ్యి చేట.

దూరపుచూపు
మరి తెల్లదుప్పటి పరీక్ష? మూతి ముందు నేల మీద తెల్లదుప్పటి పరిచి కాల్చాలి. కాలని గింజలు దాని మీద పడితే మందు ఎక్కువైనట్టు. ఇదైనా ఒప్పుకుంటారా?

సీసపుగుండు
సగమే ఒప్పుకుంటాను. పైన పాతఇనుము గారు చెప్పారుగా, కాలిన మందులో సగానికి పైగా గట్టిగానే మిగులుతుందని. దుప్పటి మీద పడ్డ నల్లటి నలుసులన్నీ కాలని మందని ఎలా చెబుతారు? చాలావరకు మసే. దుప్పటి పాడవడం మాత్రం గ్యారంటీ. 1742లోనే బెంజమిన్ రాబిన్స్ గుండు వేగం కొలవడానికి ఊగే దిమ్మె ఒకటి కట్టి, దానికి గుండు తగిలితే ఎంత దూరం ఊగిందో చూసి లెక్కగట్టాడు. అంత శ్రమపడే బదులు ఇంకా దుప్పట్ల దగ్గరే ఉంటే ఎలా?

దూరపుచూపు
నా దుప్పటి, నా ఇష్టం.

పొగమబ్బు
😂😂

పీపామూత
నా దగ్గర పాత రాగి ఫ్లాస్కు ఒకటుంది. మూతి మీద 2½, 2¾, 3 అని చెక్కారు. గ్రెయిన్లయితే కాదు కదా. ఇదేం కొలత?

పాతఇనుము
డ్రాములు. డ్రాముకి 27.34 గ్రెయిన్లు. 2½ అంటే 68, 2¾ అంటే 75, 3 అంటే 82. 1853 ఎన్‌ఫీల్డ్ సైనిక రైఫిల్ కాగితపు తూటాలో పోసింది కూడా 2½ డ్రాములే, అంటే 68 గ్రెయిన్లు. అమెరికావాళ్ళ 1861 స్ప్రింగ్‌ఫీల్డ్‌కి 60. ఆ సిపాయిలు ఎవరూ యుద్ధంలో కొలవలేదు. కొలిచి చుట్టి ఇచ్చినదాన్ని చింపి పోసుకున్నారు. రాయుడి చిన్న గొట్టాలు అదే పద్ధతి.

ఇక ఆ ఫ్లాస్కు మూతి నేరుగా బ్యారెల్ మూతికి పెట్టి పోయకు. లోపల ఎక్కడో ఒక నిప్పురవ్వ మిగిలి ఉంటే, పోసిన మందుతో ఆగదు. చేతిలో ఉన్న పౌను మందూ అంటుకుంటుంది. ఫ్లాస్కు నుంచి మెజర్‌లోకి, ఫ్లాస్కు మూత వేసి పక్కన పెట్టి, అప్పుడు మెజర్ నుంచి బ్యారెల్లోకి. పోసేటప్పుడు ముఖం మూతి మీదికి రాకూడదు. నాకు తెలిసిన ఒకాయన చేతికి ఇప్పుడు మూడు వేళ్ళు.

పీపామూత
అర్థమైంది. ఫ్లాస్కు ఇక అలమరలో అందానికే.

నిప్పుకణిక
మందు కొనడం కష్టంగా ఉంది. సూరేకారం, బొగ్గు, గంధకం ఇంట్లోనే

మోడరేటర్_ఇత్తడి
అక్కడే ఆగండి. ఇంట్లో తయారీ ఈ వేదికలో చర్చించం. రూల్ పైనే ఉంది. తర్వాతి పోస్ట్ కొలత గురించి ఉండాలి.

కొత్తగురి
ఇంత సాయం చేస్తున్నారు, థాంక్స్. పాతఇనుము గారు చెప్పినట్టు నిన్న రాత్రి కూర్చుని చేశాను. సన్నధార, పది తట్లు, గరాటుతో గీయడం. పదిసార్లు తూచాను. 70, 71, 71, 72, 72, 73, 73, 74, 74, 75. చెల్లాచెదురుగా రావడం తగ్గింది, కానీ వరుసగా పెరుగుతూ పోతోంది! ఇదేంటి, మందు బరువెక్కుతోందా?

చెకుముకి_రంగడు
కాల్చడం రాక త్రాసు ఓడు అన్నారట.

కొలతలరాయుడు
త్రాసు సున్నా జరిగి ఉంటుంది. ఫ్యాన్ కింద పెట్టావా? సెల్‌ఫోన్ పక్కనుందా? తెలిసిన బరువు ఏదైనా, ఆ 490 గుండే పెట్టి చూడు. 177 గ్రెయిన్ల దగ్గర ఉండాలి. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి.

కొత్తగురి
గుండు పెట్టాను. 176.8. పది చార్జీలూ అయ్యాక మళ్ళీ పెట్టాను. 176.8. త్రాసు బుద్ధిమంతురాలే.

పాతఇనుము
బాబూ, మెజర్ కింద ఉన్న కడ్డీని బిగించే చిన్న స్క్రూ ఉంటుంది. పదో చార్జీ అయ్యాక కడ్డీ మీద గీత ఎక్కడుందో చూశావా?

కొత్తగురి
...

చూశాను. 70 దగ్గర పెట్టిన కడ్డీ 74కి దగ్గర్లో ఉంది. స్క్రూ చేత్తో బిగించినట్టే అనిపిస్తోంది, కానీ వేలితో కడ్డీని నొక్కితే జారుతోంది. తట్టిన ప్రతిసారీ వెంట్రుకవాసి కిందికి దిగుతోందన్నమాట. స్క్రూ విప్పి చూస్తే దాని మొన మీద నూనె, మసి కలిసి పేస్టులా పట్టి ఉంది. రెండేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని తుడవలేదు. రేంజ్‌లో నేను బల్ల మీద ఠకఠక కొట్టేవాణ్ణి కదా, మధ్యాహ్నానికి ఎంతకి జారేదో ఆ దేవుడికే తెలియాలి.

పొగమబ్బు
మెజర్‌కి తట్టు, కొత్తగురికి గుట్టు.

సీసపుగుండు
అందుకే నేను జరిపే మెజర్ వెతుకులాటకే వాడతాను. ఏ చార్జీ కుదురుతుందో తెలిశాక దానికి సరిగ్గా పట్టే ఖాళీ ఇత్తడి తూటా గొట్టం ఒకటి తీసుకుని, అంచు ఆకురాయితో అరగదీస్తూ ఆ కొలతకి తెస్తాను. కొద్దికొద్దిగా అరగదీసి, పోసి, తూచి, మళ్ళీ అరగదీసి. ఎక్కువ అరిగిందో, ఇంకోటి. దానికి తీగ పిడి చుట్టి మందుసంచికి వేలాడదీస్తే స్క్రూ లేదు, గీత లేదు, జారేది లేదు. ఇద్దరు పోస్తే ఒకటే వస్తుంది. నా 54 రైఫిల్ గొట్టానికి పదకొండేళ్ళు.

దూరపుచూపు
కొమ్ముతో కూడా చేసుకోవచ్చు. లోపల డ్రిల్లుతో కొద్దికొద్దిగా తవ్వుకుంటూ పోవాలి. ఇది మాత్రం నన్ను నమ్మండి, దుప్పటి కాదు.

కొలతలరాయుడు
దూరపుచూపు గారి కొమ్ము మెజర్ ఫొటో ఒకసారి చూశాను. నిజంగా బావుంటుంది.

కొత్తగురి
ఈ ఆదివారం రేంజ్‌కి వెళ్ళొచ్చాను. స్క్రూ తుడిచి, పట్టకారుతో బిగించి, కడ్డీ మీద పెన్నుతో గీత గీసి మరీ వెళ్ళాను. 55 దగ్గర మొదలుపెట్టి ఐదైదు పెంచాను. ప్రతి షాట్‌కీ తడి గుడ్డ, పొడి గుడ్డ. 55కి గుళ్ళు మూడంగుళాల్లో. 60కి రెండున్నర. 65కి ఐదు గుళ్ళ గ్రూపు అంగుళంన్నర లోపు, మూడు ఒకదానికొకటి తగిలాయి. 70కి మళ్ళీ రెండున్నర. సీసపుగుండు గారి లెక్క 63 అంది, నా రైఫిల్ 65 అంటోంది.

ఆ సంబరంలో 65తో ఇంకో ఐదు కాలుద్దామని కూర్చున్నాను. నాలుగు పడ్డాయి, అన్నీ లోపలే. ఐదోదానికి క్యాప్ టప్పుమంది, అంతే. ఇంకో క్యాప్. టప్. అప్పుడు బల్ల వైపు చూశాను. మెజర్‌లో కొలిచిన 65 గ్రెయిన్లూ, గరాటుతో శుభ్రంగా గీసినవి, అక్కడే ఉన్నాయి. గుండు మాత్రం బ్యారెల్ అడుగున.

పాతఇనుము
ర్యామ్‌రాడ్ గాటు చూడలేదన్నమాట.

కొత్తగురి
గాటు ఇంకా పెట్టలేదు. ఆదివారం పెడదామనుకున్నాను.

ఉరుము_మెరుపు
మందు లేకుండా గుండు దట్టించనివాళ్ళు ఈ వేదికలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. ఎవరూ లేరు. కొత్తగురీ, నిపుల్ (క్యాప్ తొడిగే చిన్న గొట్టం) విప్పి, ఆ దారిలో నాలుగైదు గ్రెయిన్ల త్రీఎఫ్ లోపలికి పోసి, నిపుల్ మళ్ళీ బిగించు. గుండు అడుగునే ఉందో లేదో ర్యామ్‌రాడ్‌తో ఒకసారి నొక్కి చూసుకుని, రాడ్ బయటికి తీసి, సురక్షితమైన వైపు గురిపెట్టి క్యాప్ పెట్టి కాల్చు. వెళ్ళిపోతుంది.

కొత్తగురి
వెళ్ళింది. పది గజాల దూరంలో పడింది. నేనే నడుచుకుంటూ వెళ్ళి తెచ్చుకున్నాను.

పొగమబ్బు
దాన్ని కూడా గ్రూపులో కలుపుతావా?